బండ్లబాటకు గోడ కట్టకముందే

ఆదివారం పొద్దు పొడవకముందే హైదరాబాదు వైపు నుంచి నలుగురైదుగురు సైకిళ్లమీద వస్తారు. తలకు గట్టి టోపీ, చేతులకు తొడుగులు, వీపున నీళ్ల సంచి. ఆరాంఘర్ దాటి, గగన్‌పహాడ్ దాటి, సాతంరాయి దాకా 44వ నెంబరు జాతీయ రహదారిపై లారీల పక్కన బిక్కుబిక్కుమంటూ తొక్కుతారు. అక్కడి నుంచి తారు రోడ్డును ఎక్కడ విడిచిపెట్టవచ్చా అని పక్కలకు చూస్తూ పోతారు. మొరం బాట ఒకటి కనిపించిందంటే చాలు, ప్రాణం లేచి వచ్చినట్లు అందులోకి దిగుతారు. "రోడ్డు మంచిగనే ఉన్నది గద బిడ్డా, ఈ గుంతల బాట ఎందుకు పట్టిండ్రు?" అని పాలక్యాన్లతో ఎదురువచ్చే పెద్దమనుషులు అడగడం, వాళ్లు నవ్వి చెయ్యి ఊపి సాగిపోవడం మామూలైపోయింది.

ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవలసిన అవసరం పట్నం వారికన్నా ఊరివారికే ఎక్కువగా ఉన్నది. పట్నం వారు పెట్రోలు బంకులు, పెద్ద పెద్ద గోదాములు దాటుకుని వెతుక్కుంటూ వస్తున్న ఆ గుంతల బాట ఊరి సొత్తు. అది రోజురోజుకూ ఊరి చేతిలోంచి జారిపోతున్నది.

వాళ్లు తొక్కే సైకిలును మౌంటెన్ బైక్ అంటారు. మన కుర్రవాళ్లు గేరు సైకిలు అని పిలుస్తున్నారు. టైరు రెండంగుళాలకు పైబడిన వెడల్పు, దానిమీద ట్రాక్టరు టైరుకు ఉన్నట్లు లోతైన అచ్చులు. ముందు చక్రానికి షాక్ అబ్జార్బర్లు, తడిసినా పట్టు వదలని డిస్కు బ్రేకులు, ఎగువకు తొక్కడానికి గేర్లు. రాళ్లు, వేర్లు, ఇసుక, వాగు దాటే చోట్లు, ఇలాంటి వాటికోసమే దానిని తయారు చేస్తారు. అంత ఖర్చు పెట్టి కొన్న సైకిలును నున్నటి తారుమీద తొక్కితే దుక్కిటెద్దును కచేరీకి తీసుకుపోయినట్లే ఉంటుంది.

ఈ ఆట పుట్టింది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మారిన్ కౌంటీ అనే చోట. 1970 దశకంలో అక్కడి యువకులు కొందరు పాత ఇనుప సామాను కొట్లలో పడి ఉన్న, ఎప్పుడో 1930, 40లలో తయారైన లావు టైర్ల సైకిళ్లను తెచ్చి, టమల్‌పాయిస్ కొండమీద మంటలార్పే బండ్లకోసం వేసిన మట్టి బాటల్లో కిందికి దూసుకు వచ్చేవారు. 1976 అక్టోబరు 21న పెట్టుకున్న పందానికి 'రీప్యాక్' అని పేరు వచ్చింది. కారణం విచిత్రమైనది. కొండ దిగేసరికి వెనక చక్రం బ్రేకు వేడెక్కి, అందులోని గ్రీజు పొగై పోయేదట. ప్రతిసారీ దాన్ని విప్పి మళ్లీ గ్రీజు నింపుకోవాలి. అదే పేరైంది. 1977లో జో బ్రీజ్ అనే ఆయన ఈ పనికోసమే కొత్త ఫ్రేము తయారు చేశాడు. 1981లో ఫ్యాక్టరీల నుంచి ఇలాంటి సైకిళ్లు పెద్ద ఎత్తున రావడం మొదలైంది. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో ఇదొక పోటీ అయి కూర్చుంది.

మన ఊళ్లలో ఈ విద్య అంతకుముందే ఉన్నది. దానికి ఎవరూ పేరు పెట్టలేదు, పతకం ఇవ్వలేదు, అంతే తేడా. చెరో పక్క పాల క్యాన్లు కట్టుకుని, షాబాదు రాళ్లు తేలిన బాటలో, చుక్క ఒలకకుండా పట్నం పోయి వచ్చిన పాలవాళ్లు, కల్లు లొట్లు కట్టుకుని చెరువు కట్టలమీద సాగిన గీత కార్మికులు తొక్కింది గేర్లు లేని హీరో, అట్లాసు సైకిళ్లే. ఆ అట్లాసు కంపెనీ సాహిబాబాదు ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. అది ప్రపంచ సైకిలు దినోత్సవం కావడం విధి వైపరీత్యం.

ఇక ఈ గేరు సైకిళ్లు తిరుగుతున్న చోట్లు చూడాలి. హిమాయత్‌సాగర్ చుట్టుపక్కల, కొత్వాల్‌గూడ వైపు, నర్కూడ అమ్మపల్లి గుడి దారిలో, కొంచెం దూరం పోగలిగిన వారు వికారాబాదు దగ్గర అనంతగిరి గుట్టల్లో, గచ్చిబౌలి పక్కన విశ్వవిద్యాలయం ఆవరణలోని రాళ్ల మధ్య. ఇందులో అనంతగిరి అడవి సంగతి వేరు. మూసీ పుట్టిన చోటు అది, అటవీశాఖ అనుమతి, నిబంధనలు ఉంటాయి. శంషాబాదు పరిసరాల్లో సైకిళ్లకోసమని ఎవరూ కొత్తగా తవ్విన బాటలు ఇవి కావు. ఎడ్లబండి చక్రాలు, గొర్రెల డెక్కలు, చేనుకు పోయే కాళ్లు కలిసి తరతరాలుగా వేసిన దారులు. అమెరికాలో లక్షలు ఖర్చు పెట్టి, నిపుణులను పిలిపించి వేయించుకునే బాటలు మనకు తాతలు ఉచితంగా ఇచ్చిపోయారు.

అవి పట్నానికి ఇంత దగ్గరలో ఇన్నాళ్లు మిగలడానికి ఒక కారణం ఉన్నది. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత ఉస్మాన్‌సాగర్‌ను, హిమాయత్‌సాగర్‌ను కట్టించారు. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి. ఆ రెండు జలాశయాల నీరు చెడిపోకుండా 1996 మార్చి 8న ప్రభుత్వం 111 నెంబరు జీవో తెచ్చింది. జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకుండా ఆంక్షలు పెట్టింది. శంషాబాదు మండలం గ్రామాలు చాలా ఈ జాబితాలో ఉన్నాయి. పక్క మండలంలో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ చెలకకు ధర లేదని ఈ గ్రామాల రైతులు పడిన బాధ చిన్నది కాదు. ఆ బాధలో న్యాయం కూడా ఉన్నది. కాని ఆ జీవో పుణ్యానే చెలకల మధ్య బాటలు బాటలుగా మిగిలాయన్నది కూడా కాదనలేని మాట. 2022 ఏప్రిల్‌లో 69 నెంబరు జీవోతో ఆంక్షలను సడలించడానికి ప్రభుత్వం పూనుకున్నది. భూములు చేతులు మారడం అంతకుముందే మొదలైంది. ఇంటికోసమో, ఫాంహౌసుకోసమో భూమి కొన్నవాడు మొట్టమొదట చేసే పని ప్రహరీ కట్టడం. ప్రహరీ కింద మొట్టమొదట పోయేది బాట.

బాట పోవడంలో ఒక పద్ధతి ఉన్నది. ఊరివారికి చెప్పనక్కరలేదు గాని, పట్నం పాఠకులు, అధికారులు తెలుసుకోవలసిన సంగతి. మొదటి ఏడు బాటకు ఇరువైపులా భూమి ఒకరే కొంటారు. రెండవ ఏడు జేసీబీ వచ్చి బాటను, చేనును కలిపి చదును చేస్తుంది. ఎవరైనా అడిగితే, లెవలింగు పని అయినాక మళ్లీ దారి వదులుతామంటారు. తరువాత కడీలు పాతి తీగ చుడతారు, ఒక గేటు పెడతారు. గేటు మొదట్లో తెరిచే ఉంటుంది. గొర్రెలవాళ్లు పోతారు, కూలీలు పోతారు. ఒకరోజు గేటుకు తాళం పడుతుంది, కాపలాకు ఊరు తెలియని మనిషి వస్తాడు. అప్పటికి నాలుగేండ్లు గడిచి ఉంటాయి. అడిగే పెద్దలు మంచాన పడి ఉంటారు, కుర్రవాళ్లకు మోటారు సైకిళ్లు ఉంటాయి. చుట్టు తిరిగి మూడు కిలోమీటర్లు పోవడం వాళ్లకు బరువనిపించదు. తలమీద గడ్డిమోపుతో నడిచే ఆడమనిషికి ఆ మూడు కిలోమీటర్లు ఎంతో ఎవరూ లెక్క కట్టరు.

తప్పంతా బయటివాళ్లదే అనడం కూడా న్యాయం కాదు. బండ్లబాటను ఇటు ఒక సాలు, అటు ఒక సాలు దున్నుకుంటూ వచ్చి, రెండు బండ్లు ఎదురెదురుగా తప్పుకునే దారిని ఒక మనిషి నడిచే గట్టుగా చేసింది మన రైతులే. ఎడ్లబండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక, ట్రాక్టరు చేలోంచే పోగలదు గనుక బాట అవసరం తీరిందనుకున్నారు. ఆ గట్టును అమ్మకం దస్తావేజులో కలిపి కొలిచి అమ్మినవారు కూడా ఉన్నారు. ఊరందరిదైన దానిని అమ్మే హక్కు ఎవరికీ లేదని అప్పుడే నలుగురూ నోరు విప్పి ఉంటే ఈనాడు తాళం వేసిన గేటు ముందు నిలబడవలసిన గతి పట్టేది కాదు.

పెద్ద పనులకింద పోయిన బాటల లెక్క వేరు. 2008 మార్చిలో ప్రారంభమైన రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం దాదాపు 5,500 ఎకరాలలో ఉన్నది. ఇటు శంషాబాదుకు, అటు మామిడిపల్లికి మధ్య అంత భూమికి గోడ కట్టాక, లోపల ఉన్న దారులన్నీ కాలగర్భంలో కలిసినట్లే. విమానం దిగే చోట ఎడ్లబండి తిరగాలని ఎవరూ అనరు. ఆ తరువాత 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు వచ్చింది. దానిమీద కారు గంటకు నూట ఇరవై కిలోమీటర్ల వేగంతో పోవచ్చు. సైకిలుకు, ద్విచక్ర వాహనానికి, నడిచే మనిషికి మాత్రం ప్రవేశం లేదు. అవతల చేను ఉన్నవారు అండర్‌పాసు ఎక్కడుందో అక్కడి దాకా సర్వీసు రోడ్డు వెంట పోయి, దాటుకుని, మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. ఈ రెండు పనులవల్ల జిల్లాకు ఒరిగింది ఉన్నది, కాదనరాదు. కాని దాటే దారి పోయిందని చెప్పి పరిహారం పొందినవాడు ఎక్కడా కనబడడు. భూమికి ధర కట్టారు. దారికి ధర కట్టలేదు.

సైకిలు తొక్కేవారికోసం ప్రభుత్వం ఏమీ చేయలేదా అంటే, చేసింది. అవుటర్ రింగు రోడ్డు పక్కనే నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ వరకు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు, రెండు భాగాలుగా 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు వేసి, పైన సోలారు పలకలతో కప్పు వేశారు. 2022 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగి, 2023 అక్టోబరు 1న ప్రారంభోత్సవం జరిగింది. ట్రాకు వెడల్పు నాలుగున్నర మీటర్లు. ఆ పలకలతో 16 మెగావాట్ల విద్యుత్తు తయారు చేయవచ్చునన్నారు. దక్షిణ కొరియాలో ఇలాంటిది చూసి వచ్చి ఇక్కడ కట్టారు. ఎండకు, వానకు తడవకుండా తొక్కుకునే ఏర్పాటు మంచిదే, దేశంలో పదిమందీ చెప్పుకునేదే. అయితే అది సాఫ్టువేరు కంపెనీలున్న వైపు వేసినది. పోలీసు అకాడమీ దగ్గర ఆ కప్పు ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇటు శంషాబాదు దాకా, విమానాశ్రయంలో సామాను మోసే పనికి, గోదాముల్లో కాపలాకు, హోటళ్లలో ఊడ్చే పనికి సైకిలుమీద పోయే మనిషికి నీడ లేదు, గీత లేదు. వ్యాయామానికి తొక్కేవానికి కప్పు వేసి, కడుపుకోసం తొక్కేవానిని లారీల మధ్య వదిలివేయడం శోచనీయం.

ఇక్కడే బండ్లబాట సంగతి మళ్లీ తీసుకోవాలి. సాతంరాయి నుంచి గాని, చుట్టుపక్కల మరే ఊరి నుంచి గాని జాతీయ రహదారి ఎక్కకుండా పక్క ఊరికి పోయే పాత దారులు తెరిచి ఉంటే, బడికి పోయే ఆడపిల్ల, పనికి పోయే మనిషి, ఆదివారం సైకిలు వేసుకుని వచ్చే పట్నం ఉద్యోగి, ముగ్గురూ ఒకే బాటలో పోగలరు. దానికి సోలారు పలకలు అక్కరలేదు. తారు కూడా అక్కరలేదు. తారు వేస్తే కార్లు వస్తాయి, కార్లు వచ్చాక ప్లాట్లు వస్తాయి. మొరం పోసి, వాన నీరు పక్కకు పోయే ఏర్పాటు చేస్తే చాలు.

నీటి సంగతి చిన్న విషయం కాదు. బాటను చంపేది చక్రం కాదు, వాన. గుట్టమీది నుంచి కిందికి తిన్నగా దిగే బాట మొదటి ఏడు బాటగా ఉంటుంది, రెండు వానాకాలాలు గడిచేసరికి వాగు అవుతుంది. మౌంటెన్ బైకు బాటలు వేసే నిపుణులు ప్రపంచమంతటా చెప్పే మొదటి సూత్రం ఇదే. బాటను వాలుకు అడ్డంగా, కొండ నడుము చుట్టూ తిప్పాలి. లోయ వైపుకు కొంచెం వాలు ఉంచాలి. అక్కడక్కడ బాట దిగి మళ్లీ ఎక్కేలా చేస్తే నీరు ఆ పల్లంలో పక్కకు జారిపోతుంది. ఈ సూత్రం చెప్పడానికి విదేశీ నిపుణులే రావాలా? గుట్ట దిగే బండ్లబాట ఎప్పుడూ వంకర పోయేది ఎడ్ల మెడలు విరగకుండా, బాట తెగకుండా ఉండడానికేనని ఊళ్లో బండి తోలిన ఎవరిని అడిగినా చెబుతారు. జేసీబీతో తిన్నగా గీసిన కొత్త దారులు మొదటి జడివానకే కోసుకుపోతుంటే, పాత బాటలు రాయి తేలి కూడా నిలిచి ఉండడం కళ్లముందు కనిపిస్తున్నదే.

సైకిళ్లమీద వచ్చేవారు కూడా కొన్ని నేర్చుకోవలసి ఉన్నది. తడి నేలలో తొక్కితే చక్రం గాడి పడుతుంది. ఆ గాడి వెంట నీరు పారి బాట తెగుతుంది. వాన కురిసిన మరుసటి రోజు ఇంట్లో ఉండడం వారికి మంచిది, ఊరికి మంచిది. డ్రిప్పు పైపులమీది నుంచి పోవడం, కంది చేను మధ్య నుంచి అడ్డదారి తొక్కడం, గొర్రెల మందలోకి గంట కొట్టుకుంటూ దూసుకురావడం కూడదు. మంద బెదిరి చెల్లాచెదరైతే కాపరికి ఒక పూట పని చెడుతుంది. నీళ్ల సీసాలు, బిస్కట్ల కాగితాలు చెలకలో పారవేసిపోవడం చదువుకున్నవారు చేయవలసిన పని కాదు. అమెరికాలో 1980 దశకంలో ఇలాంటి ఫిర్యాదులవల్లనే, నడిచేవారు, గుర్రాలవారు గోల పెట్టడంవల్లనే చాలా చోట్ల బాటలు సైకిళ్లకు మూసివేశారు. అప్పుడు వాళ్లకు తెలిసివచ్చి 1988లో ఒక అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. తెరిచి ఉన్న బాటలోనే పోవాలని, నడిచేవారికి దారి ఇవ్వాలని, పశువులను బెదిరించరాదని నియమాలు రాసుకున్నారు. మన వైపు వచ్చేవారిలో చాలామంది మర్యాదస్తులే. దారి అడిగి, నమస్కారం పెట్టి, ఊళ్లో చాయ తాగి పోతారు. ఒకరిద్దరు చేసే పనికి అందరూ మాట పడతారు.

ఊళ్లోనూ కొందరికి ఒక ఆశ పుట్టవచ్చు. సైకిళ్లవాళ్లు వస్తున్నారు గనుక బాటకు గేటు పెట్టి టికెట్టు వసూలు చేద్దామని, గుడిసెలు వేసి రిసార్టు అందామని. చాయ, మజ్జిగ, పంక్చరు వేసే కొట్టు, ఇవి పెట్టుకుంటే పదిమందికి బతుకుతెరువు. గేటు మాత్రం వద్దు. ఒకసారి ఊరే తన బాటకు గేటు పెట్టుకుంటే, రేపు ఇంకొకడు పెట్టిన గేటును కాదనే నోరు ఉండదు.

ఇప్పుడు అసలు పని. ప్రతి గ్రామానికి నక్ష ఉంటుంది. అందులో బండ్లబాటను రెండు తెగిన గీతలతో, కాలిబాటను ఒక తెగిన గీతతో చూపుతారు. నక్షలో ఉన్న బాటను ఎవరు దున్నినా, ఎవరు గోడ కట్టినా అది బాటే. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊళ్లోని ప్రజా దారులు గ్రామ పంచాయతీ ఆధీనంలో ఉంటాయి. పట్టణంలో కలిసిన ఊళ్లలో ఆ బాధ్యత పట్టణ పాలక సంస్థ మీద పడుతుంది. కాని వాడుకలో ఉన్న బాటలన్నీ నక్షలో లేవు. నక్ష తయారైన తరువాత పడిన బాటలు ఉన్నాయి, చెరువు శిఖం పక్కన కాలాన్ని బట్టి జరిగే బాటలు ఉన్నాయి, గుడికి, స్మశానానికి, బంచరాయికి పోయే దారులు ఉన్నాయి. ఇవి పెద్దల జ్ఞాపకంలో తప్ప ఏ కాగితంలోనూ లేవు. జ్ఞాపకం కోర్టులో ఎంతవరకు నిలుస్తుందో కోర్టు మెట్లు ఎక్కినవారికి తెలుసు.

ఇంగ్లండులో ఈ చిక్కును ఒక చట్టంతో తీర్చుకున్నారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన నాలుగేండ్లకు, 1949లో, ప్రజలు నడిచే హక్కు ఉన్న ప్రతి బాటనూ పటంలో ఎక్కించాలని పార్లమెంటు శాసించింది. ఆ పనికి గ్రామాల్లో సర్వే చేసింది పారిష్ కౌన్సిళ్లు, అంటే వాళ్ల గ్రామ పంచాయతీలే. ఊరివాళ్లు స్వయంగా నడిచి, ఏ బాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, దడి ఎక్కడ ఉందో, గేటు ఎక్కడ ఉందో రాసి ఇచ్చారు. ఒకసారి ఆ పటంలోకి ఎక్కితే, భూమి ఎన్ని చేతులు మారినా బాట మారదు. గుర్రాలు పోయే బాటలలో సైకిలు కూడా పోవచ్చునని 1968లో మరో చట్టం చేశారు. నడిచేవారికి, గుర్రాలవారికి సైకిలువాడు దారి ఇవ్వాలని అందులోనే రాశారు. ప్రభువులకు, జమీందారులకు పుట్టినిల్లయిన దేశంలో, కోటగోడ పక్కనుంచి కూలివాడు నడిచే హక్కు పటంలో ఎక్కిందంటే మనం ఎందుకు ఎక్కించుకోలేము?

ఇక్కడ అందుకు అదను కూడా వచ్చింది. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతిని ప్రారంభించారు. భూమి చేతులు మారేటప్పుడు సర్వే చేసిన పటం జతపరచాలన్న ఆలోచన ఆ చట్టంలో ఉన్నది. సర్వే జరిగే ప్రతిచోట సర్వేయరు గొలుసు పట్టుకుని పొలం హద్దులు కొలుస్తాడు. ఆ సమయంలో బాట గురించి మాట్లాడే మనిషి అక్కడ లేకపోతే, రెండు పొలాల హద్దులు ఒకదానికొకటి అంటుకుని పటంలో పడతాయి. మధ్యలోని బాట శాశ్వతంగా లేనట్లే. గోడ కట్టినవానికన్నా అది పెద్ద ప్రమాదం. గోడను కూల్చవచ్చు, పటాన్ని మార్చడానికి ఏండ్లు పడుతుంది. కనుక సర్వే నోటీసు వచ్చినప్పుడు పట్టాదారులే కాక, పంచాయతీ తరఫున బాటలు తెలిసిన ఒకరిద్దరు పెద్దలు హాజరు కావడం తప్పనిసరి చేస్తూ రెవెన్యూ అధికారులు ఉత్తర్వులు ఇవ్వాలి. టిప్పనులో బాట ఉండి పొలంలో లేకపోతే అక్కడికక్కడే పంచనామా రాయాలి.

పట్నం సైకిలువారు ఈ పనిలో ఊరికి అక్కరకు రాగలరు. వాళ్లు పోయిన దారంతా ఫోనులో గీతగా నమోదవుతుంది. ఏ తేదీన, ఏ వేళకు, ఏ మలుపు తిరిగారో అందులో ఉంటుంది. ఫలానా బాట ఫలానా ఏడు వరకు తెరిచి ఉన్నదని చెప్పడానికి అదొక ఆనవాలు అవుతుంది. పాత పెద్దల నోటిమాట, గ్రామ నక్ష, ఈ ఫోను గీత, మూడూ ఒకచోట పెట్టి గ్రామసభలో తీర్మానం చేసి తహసీలుదారుకు ఇస్తే, తోసిపుచ్చడం అంత సులువు కాదు. నక్ష నకలు సర్వే, భూరికార్డుల శాఖ దగ్గర దొరుకుతుంది. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. పట్నంలో చదువుకున్నవారికి దరఖాస్తు రాయడం కష్టం కాదు. ఊరి బాటలో పొద్దున్నే ఆరోగ్యం సంపాదించుకుని పోయేవారు ఆ మాత్రం ఋణం తీర్చుకోవడం సబబే.

ఇదంతా ఎందుకు, నాలుగు సైకిళ్లకోసం ఇంత రాద్ధాంతమా అనేవారు గచ్చిబౌలి వైపు చూడాలి. కంచ గచ్చిబౌలిలో విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాలలో 2025 మార్చి చివర జేసీబీలు దిగి చెట్లు కూల్చాయి. విద్యార్థులు రోడ్డెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తానుగా కలుగజేసుకుని పనులు ఆపించింది. కంచ అంటే ఏమిటో మన ఊళ్లలో పసిపిల్లవానికి కూడా తెలుసు, పశువులు మేసే చోటు. అక్కడ గొంతెత్తడానికి వేలమంది విద్యార్థులు ఉన్నారు, పత్రికలు ఉన్నాయి, ఢిల్లీ దాకా కబురు పోయింది. సాతంరాయి పక్కన ఒక బండ్లబాటకు గేటు పడితే కబురు మండలం ఆఫీసు దాకా కూడా పోదు. ఆ బాటలో నడిచేవారు ఎంతమందో కాగితంమీద ఉంటే తప్ప.

పోయిన డిసెంబరులో, అంటే 2025లో, పంచాయతీ ఎన్నికలు జరిగి కొత్త సర్పంచులు కుర్చీ ఎక్కారు. వీధి దీపాలు, మురుగు కాలువలు, సీసీ రోడ్లు అందరూ అడుగుతారు, వాళ్లూ చేస్తారు. గ్రామసభ ఎజెండాలో బాటల పేరు ఒక్కసారి ఎక్కించడానికి నిధులు అక్కరలేదు, ఎవరి సంతకమూ అక్కరలేదు. ఊరికి నాలుగు దిక్కులా నలుగురు పెద్దలను, నలుగురు బడిపిల్లలను కలిపి పంపితే రెండు రోజుల్లో అన్ని బాటలూ నడిచి రావచ్చు. పెద్దలు చెబుతారు, పిల్లలు రాస్తారు. యాసంగి పంట కోసి చేలు ఖాళీ అయిన రోజులు ఇందుకు అనువైనవి. గట్టు గట్టుగా, బాట బాటగా అప్పుడు విడివిడిగా కనిపిస్తాయి. మృగశిర కార్తె దాటి నాగళ్లు కదిలాక ఏది బాటో, ఏది సాలో తేల్చడం సర్వేయరు తరం కూడా కాదు.